కారు ఏసీ గ్యాస్ గేజ్‌లో నిండుగానే ఉంది, చల్లదనం లేదు. టాప్-అప్ చేసేయొచ్చా?

బానెట్‌కింద
ఆరు నెలల్లో రెండుసార్లు గ్యాస్ టాప్-అప్ అయింది. మళ్లీ అదే కథ. పొద్దున కాస్త చల్లగా వస్తుంది, ఎండెక్కాక ఉత్త గాలి. గేజ్ సెట్ తగిలించి చూశాను. ఇంజిన్ ఆపి గంట దాటాక, నీడలో, 30 డిగ్రీల దగ్గర రెండు గేజ్‌లూ 97 పీఎస్ఐ ఒత్తిడి చూపిస్తున్నాయి. ఇంజిన్ నడిపితే లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 14, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికి పోయే వైపు) 115. కంప్రెసర్ క్లచ్ ఐదారు సెకన్లకోసారి పట్టి వదిలేస్తోంది. ఆర్-134ఏ గ్యాస్ బండి, స్టిక్కర్ మీద 450 గ్రాములని ఉంది. ఆపినప్పుడు 97 ఉందంటే గ్యాస్ నిండా ఉన్నట్టేగా? అయితే కంప్రెసర్ పోయినట్టా? 340 గ్రాముల డబ్బా ఒకటి చేతిలో ఉంది, ఎక్కించేస్తే పోతుందా?

మానిఫోల్డ్_మామ
డబ్బా పక్కన పెట్టండి. ఆగి ఉన్న బండిలో గేజ్ చూపించేది గ్యాస్ ఎంత ఉందన్నది కాదు, గ్యాస్ ఎంత వేడిగా ఉందన్నది. లోపల ఒక్క చుక్క ద్రవం మిగిలి ఉన్నా సరే, ఆర్-134ఏ 25 డిగ్రీల దగ్గర 82, 30 దగ్గర 97, 35 దగ్గర 114 పీఎస్ఐ చూపిస్తుంది. వంటగ్యాస్ సిలిండర్‌లో అడుగున కాస్త మిగిలినా మంట అదే ఊపుతో రావడం లేదూ, అలాగే ఇదీ.

లెక్క వేసి చూడండి. పైపులు, కండెన్సర్, కూలింగ్ కాయిల్ అన్నీ కలిపి లోపలి ఖాళీ 2.5 లీటర్లనుకుందాం. 30 డిగ్రీల దగ్గర ఆ ఖాళీని ఆవిరితో నింపడానికి సుమారు 95 గ్రాములు చాలు. ఆపైన పోసిందంతా ద్రవంగా కూర్చుంటుంది. అంటే 120 గ్రాములున్నా 97, 450 ఉన్నా 97, పొరపాటున 600 పోసినా 97.

కంప్రెసర్ మీద మాత్రం తొందరపడకండి. లోపల అరిగిన కంప్రెసర్ అయితే లో సైడ్ పైకి పోతుంది, హై సైడ్ కిందికి దిగుతుంది, 60కి 110 అన్నట్టు రెండూ దగ్గరపడతాయి. మీకు రెండూ తక్కువున్నాయి. ఇది గ్యాస్ తక్కువైన బండి. 14 పీఎస్ఐ అంటే కాయిల్ మొదట్లో గ్యాస్ సున్నాకి పది డిగ్రీల కింద మరుగుతోంది. అక్కడ మంచు పడుతుంది, మిగతా కాయిల్ ఎండిపోయి ఉంటుంది. లో ప్రెషర్ స్విచ్చో, కాయిల్ సెన్సరో కోసేస్తోంది కాబట్టే క్లచ్ అలా పట్టి వదులుతోంది.

ఓరింగ్
మామ చెప్పింది నిజమే. ఇంకోటి కూడా ఉంది, గ్యాస్ తక్కువగా నడిపితే ఆయిల్ కంప్రెసర్‌కి తిరిగి రాదు. ఈ బండ్లలో ఆయిల్‌కి వేరే పంపు లేదు, గ్యాస్ వెంటే తిరుగుతుంది. కాబట్టి ఇది తేలేదాకా ఏసీ బటన్ నొక్కొద్దు.

చల్లగాలి_88
97 వచ్చిందంటే ఒక మంచి సంగతి కూడా ఉంది. 30 డిగ్రీలకి పట్టికలో ఉన్న అంకె అదే కాబట్టి గాలిగానీ వేరే గ్యాస్‌గానీ కలవలేదని దాదాపు నమ్మొచ్చు.

ఉష్ణం42
నా దగ్గరున్న బండిలో అదే 30 డిగ్రీలకి ఆగి ఉన్నప్పుడు 118 చూపిస్తోంది. నడిపితే 55కి 290, హై సైడ్ ముల్లు వణుకుతోంది. ఇది ఓవర్‌ఛార్జ్ కదా?

మానిఫోల్డ్_మామ
ఉష్ణం42 గారూ, ఓవర్‌ఛార్జ్ ఒక్కటే అయితే ఆగి ఉన్నప్పుడు 97 దాటదు, ద్రవం ఎంత ఎక్కువున్నా ఒత్తిడి అంతే. పైనున్న 21 పీఎస్ఐ ఎక్కడిదో వెతకాలి. వ్యాక్యూమ్ తీయకుండా, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేయకుండా, నింపినప్పుడు మిగిలిపోయిన గాలి అయి ఉండొచ్చు, లేదా సిలిండర్‌లోనే వేరే గ్యాస్ కలిసి ఉండొచ్చు. గాలి కండెన్సర్‌లో ద్రవం అవదు, పైన చేరి చోటు ఆక్రమిస్తుంది. ముందు బండిని కొన్ని గంటలు నీడలో ఉంచి మళ్లీ కొలవండి. ఇంజిన్ వేడి ఇంకా ఉంటే అంకె తప్పు చెబుతుంది. కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా చూడండి. ఆగి ఉన్నప్పటి అంకెకీ ఫ్యాన్‌కీ సంబంధం లేదు, కానీ నడిచేటప్పటి 290లో దాని వాటా ఉండొచ్చు.

కళ్లద్దాలు
వేరే గ్యాస్ మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. గుర్తు తెలియని సిలిండర్‌ని ఐడెంటిఫయర్ (లోపల ఏ గ్యాస్ ఉందో చెప్పే పరికరం) పెట్టకుండా బండికి తగిలించకండి. ఆర్-134ఏ అని అమ్మే నకిలీ గ్యాస్‌లో ఆర్-40, అంటే మిథైల్ క్లోరైడ్, దొరికిన సందర్భాలున్నాయి. అది కంప్రెసర్లోని అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగలగానే తనంతట తానే అంటుకునే పదార్థాన్ని తయారు చేస్తుంది. 2011లో ఓడల మీద సరుకు తీసుకెళ్లే శీతల కంటైనర్లు ఇందువల్లే పేలాయి, పనివాళ్లు చనిపోయారు. ఉష్ణం42 గారి బండిలో ఏముందో తేలేదాకా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. బండిలోని గ్యాస్‌ని బయటికి వదలకుండా లాగి దాచే మామూలు రికవరీ మెషీన్‌లోకి కూడా లాగకూడదు, మెషీన్‌తో పాటు అందులోని మంచి గ్యాస్ కూడా పాడవుతుంది.

ఉష్ణం42
ఐడెంటిఫయర్ ఉన్నచోట చూపించాకే ముట్టుకుంటాను.

బానెట్‌కింద
సరే, తక్కువని ఒప్పుకున్నాను. మరి డబ్బాలో సగం ఎక్కించి గేజ్ చూసుకుంటూ ఆపేస్తే తప్పేంటి? అందరూ చేసేది అదేగా.

పాతస్పానర్
తప్పేంటంటే ఎంత ఉందో తెలియదు కాబట్టి ఎంత పోయాలో తెలియదు. ఇప్పటి చిన్న కండెన్సర్లకి 30 గ్రాములు అటూఇటూ అయినా తేడా తెలుస్తుంది. ఎండ, తేమ, ఇంజిన్ వేగం, బ్లోయర్ వేగం, వీటిలో ఏది మారినా గేజ్ మారుతుంది. గేజ్ చూసి పోసేవాడు దాదాపు ఎప్పుడూ ఎక్కువే పోస్తాడు. తూకం మెషీన్ ఒక్కటే అబద్ధం చెప్పదు.

పైగా ఆరు నెలల్లో రెండుసార్లు పోశారంటే చిల్లు ఉంది. షాఫ్ట్ సీల్ దగ్గరా, రబ్బరు పైపుల గుండానూ ఏడాదికి కొన్ని గ్రాములు పోవడం మామూలే. మూడు నెలల్లో సగం పోవడం మామూలు కాదు. చిల్లు కట్టకుండా పోసిందంతా గాల్లోకే. ఒక కిలో ఆర్-134ఏ వందేళ్ల లెక్కలో సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ఈ జాతి గ్యాసులన్నిటినీ తగ్గించుకుంటూ రమ్మంటోంది ఇందుకే.

బానెట్‌కింద
డబ్బా లోపల పెట్టేశాను. మొదటి నుంచీ చెప్పండి, వరసగా చేస్తాను. కొంత పని నేను చేయగలను, రికవరీ మెషీన్ మాత్రం లేదు.

మానిఫోల్డ్_మామ
రికవరీ మెషీన్ ఉన్నచోటికి బండి తీసుకెళ్లి ఉన్న గ్యాస్ తీయించండి. వాల్వ్ నొక్కి వదిలేయడం మాత్రం చేయొద్దు. తీసేటప్పుడు రెండు అంకెలు అడిగి రాసుకోండి. ఒకటి, ఎన్ని గ్రాములు వచ్చింది. రెండు, దాంతోపాటు ఎన్ని మిల్లీలీటర్ల ఆయిల్ వచ్చింది. గేజ్ సున్నాకి వచ్చాక వెంటనే ఆపేయనివ్వకండి. ఆయిల్‌లో కరిగి ఉన్న గ్యాస్ నెమ్మదిగా పొంగుతుంది. ఐదు నిమిషాలు ఆగి చూస్తే ఒత్తిడి మళ్లీ లేస్తుంది, లేస్తే మళ్లీ లాగాలి.

ఒకసారి వాడే లేతనీలం సిలిండర్‌లోకి తిరిగి నింపితే మాత్రం ఒప్పుకోకండి. అది తిరిగి నింపడానికి చేసింది కాదు. రికవరీ సిలిండర్ బూడిద రంగులో, పైభాగం పసుపుగా, రెండు వాల్వులతో ఉంటుంది. దాన్ని కూడా 80 శాతానికి మించి నింపరు. వేడికి ద్రవం వ్యాకోచిస్తే మిగిలిన ఖాళీయే దాన్ని కాపాడేది.

కళ్లద్దాలు
బండి దగ్గర కూర్చునే ముందు ఇవి కూడా. ఆర్-134ఏ బయటి ఒత్తిడి దగ్గర సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది. పైపు జారి కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది. మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కలు మూసుకున్న గాగుల్స్ కావాలి, చేతికి గ్లవ్స్ కావాలి. కంట్లో పడితే రుద్దొద్దు. గోరువెచ్చని నీళ్లతో 15 నిమిషాలు కడుగుతూనే ఉండి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చర్మం మీద పడితే కూడా గోరువెచ్చని నీళ్లే, వేడినీళ్లు కాదు.

ఈ గ్యాస్ గాలికంటే బరువు. బండి కింద గుంతలో దిగి పనిచేస్తుంటే అడుగున చేరుతుంది, వాసన తెలియదు, ఊపిరాడనివ్వదు. ఎక్కువగా పీలిస్తే గుండె లయ కూడా తప్పుతుంది. సిగరెట్, వెల్డింగ్ టార్చ్, ఎర్రగా కాలే హీటర్ దగ్గర లేకుండా చూసుకోండి. మంట తగిలితే విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ముక్కుకి ఘాటుగా తగిలిందంటే అప్పటికే ఆలస్యం, పని వదిలేసి బయటికి రావాలి.

కొత్త_మెకానిక్
లీక్ కోసం వ్యాక్యూమ్ పెట్టి వదిలేసి, అరగంటకి ముల్లు కదలకపోతే లీక్ లేనట్టే అని నేర్పించారు. సరిపోదా?

ఓరింగ్
సరిపోదు. వ్యాక్యూమ్‌లో బయటి నుంచి లోపలికి నొక్కే ఒత్తిడి దాదాపు 15 పీఎస్ఐ. నడిచేటప్పుడు లోపలి నుంచి బయటికి 200 దాటుతుంది. జాయింట్లలో ఉండే కొన్ని ఓ-రింగులు (రబ్బరు రింగులు) వ్యాక్యూమ్‌కి ఇంకా గట్టిగా కూర్చుంటాయి, లోపలి ఒత్తిడికి వదిలేస్తాయి. వ్యాక్యూమ్ నిలవకపోతే లీక్ ఖాయం, నిలిస్తే మాత్రం లీక్ లేదని కాదు.

పాతస్పానర్
పొడి నైట్రోజన్ పెట్టండి, 150 పీఎస్ఐ దాకా. సిలిండర్‌లో 2,000 పీఎస్ఐ పైన ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ లేకుండా ముట్టుకోవద్దు. సబ్బునీళ్లు పూసి ప్రతి జాయింట్ చూడండి. టైర్లకి పెట్టే కంప్రెసర్ గాలి వద్దు, అందులో తేమ ఉంటుంది. గ్యాస్ మిగిలి ఉన్నచోట గాలి ఒత్తిడితో కలిస్తే మండే మిశ్రమం కూడా కావచ్చు. ఆక్సిజన్ పెట్టడమంటే ఆయిల్ ఉన్న పైపులో బాంబు పెట్టడమే, ఏ తొందరలోనూ ఆ సిలిండర్ వైపు చూడొద్దు.

నైట్రోజన్ పెట్టి రాత్రంతా ఉంచేవాళ్లకి ఒక లెక్క. 30 డిగ్రీల దగ్గర 150 పెట్టి, తెల్లారి 25 డిగ్రీలకి చూస్తే 147 ఉంటుంది. అది లీక్ కాదు, చలికి గ్యాస్ ముడుచుకుంది. వేడి రాసుకోకుండా ఒత్తిడి ఒక్కటే రాసుకుంటే ఉత్తపుణ్యానికి జాయింట్లన్నీ విప్పుతారు.

చల్లగాలి_88
నైట్రోజన్ లేనివాళ్లకి యూవీ డై చాలు. కాస్త పోసి నాలుగు రోజులు తిప్పి, యూవీ లైట్ వేసి పసుపు అద్దాలతో చూస్తే కారిన చోట మెరుస్తుంది.

ఓరింగ్
డై కాయిల్ లీక్‌కి పనికిరాదు, డ్యాష్‌బోర్డ్ లోపల ఎవరు చూస్తారు? దానికి ఎలక్ట్రానిక్ డిటెక్టరే. లోపల గ్యాస్ కొంత ఉండగానే, అంటే రికవరీకి ముందే చేయాలి. ఇంజిన్ ఆపి, బ్లోయర్ కాసేపు తిప్పి ఆపేసి, పది నిమిషాలాగి, ఏసీ నీళ్లు కారే గొట్టం మూతి దగ్గర డిటెక్టర్ ముక్కు పెట్టండి. నీళ్లు మాత్రం లోపలికి లాగనివ్వొద్దు. మిగతా జాయింట్ల దగ్గర ముక్కు కిందివైపు పట్టండి, గ్యాస్ కిందికే జారుతుంది. సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లకి మించి కదపొద్దు. గాలి వీచేచోట చేస్తే దొరకదు.

డై మీద ఇంకోటి, ఇప్పటికే రెండుసార్లు టాప్-అప్ అయిన బండిలో డై ఉందేమో ముందు లైట్ వేసి చూడండి. ఉన్నదానిమీద మళ్లీ పోస్తే ఆయిల్ పల్చబడుతుంది.

తొమ్మిదో_గేర్
లీక్ ఆపే మందు డబ్బా ఒకటి దొరుకుతుందిగా, అది?

పాతస్పానర్
వద్దు. తేమ తగిలితే గట్టిపడటమే దాని గుణం. చిల్లు దగ్గరే గట్టిపడాలని దానికి తెలియదు. కాయిల్‌కి ముందు సన్నని రంధ్రం గుండా గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ గట్టిపడుతుంది, తర్వాత ఎవరో పెట్టే రికవరీ మెషీన్‌లోనూ గట్టిపడుతుంది.

బానెట్‌కింద
పని జరిగింది. డిటెక్టర్ డ్రెయిన్ గొట్టం దగ్గర కూయలేదు. హై సైడ్ పోర్ట్ (గేజ్ పైపు తగిలించే చోటు) మూత తీయగానే కూసింది. కండెన్సర్ కింది పైపు జాయింట్ దగ్గర కూడా కూసింది, అక్కడ నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని నల్లగా ఉంది. రికవరీలో 190 గ్రాములు, 8 మిల్లీలీటర్ల ఆయిల్ వచ్చాయి. నైట్రోజన్ 150 పెడితే రెండుచోట్లా బుడగలు. ఆ మూతకి లోపలి రబ్బరు లేదు.

మానిఫోల్డ్_మామ
450కి 190. ఇప్పుడు ఆ డబ్బా 340 మొత్తం పోసి ఉంటే 530 అయ్యేది. హై సైడ్ ఎగిరి, మళ్లీ చల్లదనం లేక, కంప్రెసర్ పోయిందనుకునేవాళ్లు.

పోర్ట్‌లో వాల్వ్ కోర్ మార్చండి. టైరు వాల్వ్ కోర్‌లా కనిపిస్తుంది కానీ అది వేయకూడదు, రబ్బరు వేరు. జాయింట్ ఓ-రింగ్ కొత్తది వేయండి, ఆకుపచ్చ హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు రకం. పాతదాని అచ్చు సైజే ఉండాలి, కాస్త లావైతే నొక్కుకుని తెగుతుంది. వేసే ముందు మినరల్ ఆయిల్ తడి అద్దండి.

ఓరింగ్
కంప్రెసర్ ఆయిలే అద్దొచ్చుగా మామా?

మానిఫోల్డ్_మామ
ఆ కంప్రెసర్ ఆయిల్, అంటే పాగ్ ఆయిల్, గాల్లోని తేమని పీల్చుకుంటుంది. జాయింట్ బయట మిగిలిన తడి అక్కడే అల్యూమినియంని తినేస్తుంది. మినరల్ ఆయిల్‌కి ఆ గుణం లేదు. లోపలికి పోయే ఒకటి రెండు చుక్కలతో నష్టం లేదు. తయారీదారు మాన్యువల్లో వేరేగా ఉంటే అదే పాటించాలి.

కొత్త_మెకానిక్
డ్రయర్ (లోపలి తేమ పీల్చే భాగం) మార్చాలా? లోపల గ్యాస్ ఉంటూనే వచ్చింది కదా, తేమ ఎక్కి ఉండదుగా.

పాతస్పానర్
ఎంతసేపు తెరిచి ఉంచారన్నదాన్ని బట్టి. ఓ-రింగ్ మార్చి పది నిమిషాల్లో మూసేస్తే పాతదే ఉంచొచ్చు. కానీ ఆరు నెలలుగా కారుతూ, రెండుసార్లు వ్యాక్యూమ్ తీయకుండా పోసి ఉంటే మార్చడమే నయం. ఈ బండిలో రెండోదే జరిగినట్టుంది. కొత్త డ్రయర్ మూతలు ఆఖరి నిమిషం దాకా విప్పొద్దు. లోపలి గుళికలు బయటి తేమ తాగేస్తే కొత్తదైనా పాతదే. తగిలించగానే వ్యాక్యూమ్ పంపు ఆన్ అయిపోవాలి.

ఆయిల్ లెక్క: బయటికి వచ్చిన 8, డ్రయర్‌తో పోయే 10 నుంచి 20. కండెన్సర్ మారిస్తే 30, 40 దాకా కలపాలి, మీకు అవసరం లేదు. ఖచ్చితమైన అంకె మాన్యువల్లో భాగాల వారీగా ఉంటుంది. పాగ్ 46, 100, 150 చిక్కదనాలు వేరు, ఒకదానికి బదులు ఒకటి పోయొద్దు. సీసా మూత తీసి పెట్టి టీ తాగొచ్చేలోపు ఆ ఆయిల్ పనికిరాకుండా పోతుంది.

ఉష్ణం42
కంప్రెసర్ కొత్తది వేస్తే?

పాతస్పానర్
కొత్త కంప్రెసర్లు చాలావరకు మొత్తం వ్యవస్థకి సరిపడా ఆయిల్‌తో వస్తాయి. పాతదాంట్లోది వంచి కొలవండి, కొత్తదాంట్లోదీ వంచి, పాతదాంట్లో వచ్చినంతే తిరిగి పోయండి. అలా చేయకపోతే ఆయిల్ ఎక్కువై కాయిల్ గోడలకి పూత పట్టి చల్లదనం తగ్గుతుంది. పాత కంప్రెసర్ లోపల పొడిగా అరిగిపోయి ఉంటే కండెన్సర్ కూడా మార్చాల్సిందే. ఇప్పటి సన్నని గొట్టాల కండెన్సర్‌ని ఎంత కడిగినా ఆ లోహపు పొడి మొత్తం రాదు, మిగిలింది కొత్త కంప్రెసర్‌ని తింటుంది.

బానెట్‌కింద
వ్యాక్యూమ్ ఎంతసేపు? ఒకరు 15 నిమిషాలు చాలన్నారు.

చల్లగాలి_88
మంచి పంపు అయితే 15 చాలు, ముల్లు కిందికి తగిలిపోతుంది.

ఓరింగ్
ముల్లు తగిలితే గాలి పోయినట్టు, నీళ్లు పోయినట్టు కాదు. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే వ్యాక్యూమ్ 28.7 అంగుళాలు (పాదరసం) దాటాలి. ఆయిల్‌లో, డ్రయర్‌లో ఇమిడిన తేమ మరిగి బయటికి రావడానికి టైం కావాలి. కనీసం 30 నిమిషాలు, తెరిచి ఉంచిన బండికి 45 నుంచి గంట. లోతైన వ్యాక్యూమ్ కొలిచే మైక్రాన్ గేజ్ పెడితే వాదనే ఉండదు, అందులో అంకె ఎంత తగ్గితే వ్యాక్యూమ్ అంత లోతు. మామూలు గేజ్ ముల్లుకి 500 మైక్రాన్లకీ 5,000కీ తేడా తెలియదు.

చల్లగాలి_88
కారు రబ్బరు పైపులతో, పోర్ట్‌కి తగిలించే క్విక్ కప్లర్లతో 500 నిలవడం కష్టం ఓరింగ్ గారూ. ఇంటి ఏసీ రాగి పైపుల లెక్క ఇక్కడ పెడితే రోజంతా పంపు తిరుగుతూనే ఉంటుంది.

ఓరింగ్
నిలవకపోవచ్చు, ఒప్పుకుంటాను. అంకె కంటే అది ఎలా కదులుతుందన్నది చూడండి. పంపు ఆపి వాల్వ్ మూశాక కొంచెం లేచి 1,500, 2,000 దగ్గర ఆగిపోతే లోపల తేమ ఇంకా మరుగుతోంది, మళ్లీ లాగండి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీక్. 15 నిమిషాల్లో ఈ తేడా చూసే వీలే లేదు, అందుకే నా వాదన.

ఎత్తైన ప్రాంతాల్లో ఉన్నవాళ్లు కంగారు పడొద్దు. ప్రతి 300 మీటర్లకి గేజ్ ఒక అంగుళం చొప్పున తక్కువ చూపిస్తుంది. అది పంపు తప్పు కాదు.

చల్లగాలి_88
కదలిక చూడాలన్నది సరైన మాట. డ్రయర్ మార్చిన బండికి 45 అనే నేనూ చెబుతాను.

మానిఫోల్డ్_మామ
పంపు ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే ముందు అది మార్చండి, లేకపోతే గంట తిప్పినా లోతుకి పోదు. ఆపే ముందు వాల్వ్ మూసి, తర్వాతే పంపు ఆపాలి. వరస తప్పితే పంపు ఆయిల్ బండిలోకి లాక్కుంటుంది.

ఇక నింపడం. ఇక్కడే ప్రాణాల మీదికి వచ్చే తప్పు జరుగుతుంది కాబట్టి నెమ్మదిగా చదవండి. సిలిండర్‌ని డిజిటల్ తూకం మీద పెట్టి సున్నా చేయండి. గేజ్ సెట్ నుంచి సిలిండర్‌కి వెళ్లే పసుపు పైపులోని గాలి ముందే పోయి ఉండాలి, వ్యాక్యూమ్ తీసేటప్పుడే సిలిండర్ వాల్వ్ దాకా లాగి ఉంటే ఆ బెంగ లేదు. ఇంజిన్ ఆపి ఉండగా వ్యాక్యూమ్ దానంతట అదే కొంత లాక్కుంటుంది. ఆగాక హై సైడ్ వాల్వ్ గట్టిగా మూసేయండి, పని అయ్యేదాకా మళ్లీ తెరవొద్దు. ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ తెరిస్తే 200 పీఎస్ఐ వెనక్కి డబ్బాలోకి దూకుతుంది. డబ్బా చేతిలోనే పగులుతుంది.

అప్పుడు ఇంజిన్ నడిపి, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి, లో సైడ్ నుంచి, సిలిండర్ నిటారుగా పెట్టి ఆవిరిగా ఎక్కించండి. తిరగేస్తే ద్రవం పోతుంది. ద్రవాన్ని కంప్రెసర్ నొక్కలేదు, లోపలి వాల్వులు విరుగుతాయి. డబ్బా చల్లబడి రావడం ఆగిపోతే 40 డిగ్రీల లోపు గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. మంట, హీట్ గన్ ఏవీ వద్దు.

పాతస్పానర్
ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు హై సైడ్ నుంచి ద్రవంగా పోయడం తప్పేం కాదు మామా, త్వరగా అవుతుంది. తర్వాత కంప్రెసర్‌ని చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పి, కాసేపాగి స్టార్ట్ చేయాలి. అలా చేస్తే మాత్రం పైపులో మిగిలే ద్రవాన్ని లెక్కలో వేసుకోవాలి. మీటరున్నర పైపు ద్రవంతో నిండితే 30 గ్రాముల పైనే ఉంటుంది. తూకం మీద పోయినట్టు కనిపిస్తుంది, బండిలోకి మాత్రం పోదు. ఆవిరితో నిండితే ఒకటి రెండు గ్రాములే.

మానిఫోల్డ్_మామ
అలవాటున్నవాళ్లకి అది సరే. మొదటిసారి చేసేవాళ్లకి ఆవిరి దారే చెబుతాను.

ఎలక్ట్రిక్_బండి
ఇవన్నీ బెల్టు కంప్రెసర్ల సంగతి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో కంప్రెసర్ మోటారు గ్యాస్, ఆయిల్‌లోనే మునిగి వందల వోల్టులతో తిరుగుతుంది. అందుకే చాలావాటిలో పాగ్ కాకుండా పీఓఈ ఆయిల్ వాడతారు. పాగ్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ పడిపోయి బండి లోపం చూపించి ఆగిపోతుంది. అంతకుముందు వేరే బండికి వాడిన పైపుల్లో, మెషీన్‌లో మిగిలిన పాగ్ చాలు దీనికి. పైపులు విడిగా పెట్టుకోండి, డై కూడా పీఓఈలో కలిపింది కావాలి. నారింజ రంగు కేబుల్ ఉన్నదేదీ హై వోల్టేజ్‌ని తెంపే సర్వీస్ ప్లగ్ తీసి, తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూశాకే ముట్టుకోవాలి.

తొమ్మిదో_గేర్
కొత్త బండి ఆర్-1234వైఎఫ్‌ది. ఆ గ్యాస్ ఖరీదు. 134ఏ పోసేస్తే నడుస్తుందంటున్నారు, ఒత్తిళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నాయిగా?

ఎలక్ట్రిక్_బండి
దగ్గర్లో ఉన్నాయి కాబట్టే మోసపోతారు. ఆయిల్‌లో కలిపే మందులు వేరు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అమరిక వేరు. పోర్టులు కూడా కావాలనే వేరే సైజులో పెట్టారు, సిలిండర్ మరలు ఎడమవైపు తిరుగుతాయి. అడాప్టర్ పెట్టి పోశాక తర్వాత ఆ బండి తెరిచేవాడి మెషీన్‌లో రెండూ కలిసిపోతాయి, విడదీయడం అయ్యేపని కాదు. 1234వైఎఫ్ కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్. దానికి రికవరీ మెషీన్, డిటెక్టర్, గాలి వచ్చే చోటు అన్నీ అందుకు తగ్గవే ఉండాలి.

కొత్త_మెకానిక్
ఒక బండి ఇరవై నిమిషాలు బాగా చల్లగా వచ్చి ఆగిపోతుంది. ఆపి పది నిమిషాలాగితే మళ్లీ వస్తుంది. తేమేనా?

ఓరింగ్
చెయ్యి పెట్టి చూడు. ఆగినప్పుడు గాలి వేగం కూడా తగ్గిపోతే కాయిల్ మీద బయట మంచు కట్టింది. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, కాయిల్ సెన్సర్ ఊడిందేమో చూడు. గాలి అదే వేగంతో వస్తూ వేడెక్కి, లో సైడ్ ముల్లు వ్యాక్యూమ్‌లోకి పోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రంలో లోపలి తేమ గడ్డకట్టింది. మొదటిది ఫిల్టర్‌తో పోవచ్చు. రెండోదానికి రికవరీ, కొత్త డ్రయర్, పొడవాటి వ్యాక్యూమ్ తప్పవు.

కొత్త_మెకానిక్
గాలి తగ్గుతోంది. ఫిల్టర్ తీశాను, అట్టలా ఉంది.

బానెట్‌కింద
వాల్వ్ కోర్, ఓ-రింగ్, డ్రయర్ మార్చాను. నైట్రోజన్ మళ్లీ 150 పెట్టి గంట ఉంచాను, కదల్లేదు. వ్యాక్యూమ్ 50 నిమిషాలు. ఆయిల్ మాన్యువల్ ప్రకారం మొత్తం 20 మిల్లీలీటర్లు. 450 గ్రాములు తూకం వేసి పోశాను, మొదటి డబ్బా 340, రెండో డబ్బాలో 110. బయట 30 డిగ్రీలు, 1,500 ఆర్‌పీఎం దగ్గర లో సైడ్ 32, హై సైడ్ 185, మధ్య వెంట్‌లో 7 డిగ్రీలు. క్లచ్ నిలకడగా పట్టి ఉంటోంది.

పాతస్పానర్
32కి 185 ఆ వేడికి సరిగ్గా ఉంది. పోర్ట్ మూతలకి లోపలి రబ్బరు చూసుకున్నారా? కోర్ కొద్దిగా వదిలినా ఆపేది ఆ మూతే. కప్లర్ తీసిన వెంటనే కోర్ మీద సబ్బునీటి చుక్క వేసి చూసి, తుడిచి, అప్పుడు మూత చేత్తో బిగించండి.

బానెట్‌కింద
రెండు మూతలూ కొత్తవి. లో సైడ్ కోర్ మీద బుడగ రాలేదు. హై సైడ్ మీద మొదట ఒక చిన్న బుడగ వచ్చింది. మూత పెట్టి పది నిమిషాలాగి మళ్లీ తీసి చూశాను, ఏమీ లేదు.

ఓరింగ్
మొదటి బుడగ కప్లర్ తీసినప్పుడు కోర్ పైన గుంటలో మిగిలిన గ్యాస్. ఓడోమీటర్ అంకె, తేదీ, 450 గ్రాములు, పాగ్ ఎంత చిక్కదనమో రాసి స్టిక్కర్ పక్కనే అంటించండి. వచ్చే వేసవిలో గేజ్ తగిలించే ముందు డిటెక్టర్‌తో ఆ రెండు చోట్లే ముందు చూడండి. గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కొంత గ్యాస్ పైపుల్లో పోతుంది.